ఏడో ప్రశ్న

ఆ ఏడాది కాఫీ పళ్లు బేగి ఎర్రబడ్డాయి. దీపావళి ఇంకా రాకముందే మా ఊళ్లో ఆడవాళ్లు తట్టలు దులిపి బయటపెట్టారు. రెండు వేల నాలుగు అది. మంగ్లి బడికి వెళ్లిన ఆఖరి ఏడాది.

అప్పటికి ఏడాదిన్నరగా నా పని మంగ్లిని మోయడం. పొద్దున్నే పాత కోక మడిచి వీపుకి కట్టుకుని, ఆ గుంటని అందులో కూర్చోబెట్టుకుని, గెడ్డ దాటి, ఆ కొండవాగు అవతలున్న కిందూరి బడికి తీసుకెళ్లేదాన్ని. తొమ్మిదేళ్ల ఆడపిల్ల. కాళ్లు రెండూ కర్రల్లా బిగుసుకుని ఉండేవి. కుడిచెయ్యి గుండెకి ముడుచుకుపోయి ఉండేది. ఎడం చెయ్యి దాని మాట వినేది, వినాలనిపించినప్పుడు. మాట మెల్లగా ముక్కలు ముక్కలుగా వచ్చేది గానీ, వచ్చిందంటే తగిలేది.

"పెద్దమ్మా, నీ వీపు మీద ఎముకలు పెరిగినాయి. ఇంత కూడు తినొచ్చు కదేటి."

"నువ్వు తిన్నదంతా నానే మోత్తన్నాను కదే. నాను తింటే ఇద్దరి బరువు అవ్వదా?"

గెడ్డ దాటేటప్పుడు మాత్రం మాట్లాడేది కాదు. నా మెడ గట్టిగా పట్టుకునేది. రాళ్లు పాకురు పట్టి ఉండేవి.

పాడేరులో ఒక ప్రాజెక్టు ఉండేది. మామూలుగా బడికి రాలేని పిల్లలున్న చోట ఒక తోడు మనిషిని పెట్టేవాళ్లు. నాకు మొగుడు పోయి ఆరేళ్లు. పిల్లల్లేరు. ఒళ్లు గట్టిది. యేసురత్నం మేస్టారు నా పేరు రాసి పంపారు. ఆయన సాలూరు మనిషి. అయిదు తరగతులకీ ఆయనొక్కరే.

నాకు అక్షరాలు వచ్చింది కూడా మంగ్లి వల్లే. దాని వేళ్ల మధ్య బలపం నిలిచేది కాదు. నా కోక అంచు చింపి, బలపాన్ని వేళ్లకి కట్టి, దాని చేతి మీద నా చెయ్యి పెట్టి దిద్దించమన్నారు మేస్టారు. నాకేమో అక్షరం తెలీదు. ఆయన నా చేతి మీద చూపుడు కర్ర ఆనించి అటు తిప్పు, ఇటు తిప్పు అనేవారు. అలా ఒకే బలపంతో ఇద్దరం దిద్దాం. అప్పుడు నాకు నలభై అయిదేళ్లు. వేలిముద్ర తప్ప ఎరగను. సంక్రాంతి వచ్చేసరికి బస్సు మీద పాడేరు అని ఉంటే చదివాను. ఆ మర్నాడు నాలుగో తరగతి ధర్మ అందరికీ చాటాడు, "మా బళ్లో ముసలి గుంట ఒకతి సేరింది" అని. మంగ్లి వాడి కేసి చూసి, "నీకన్నా బేగి సదివీసింది" అంది. అది అనడానికి దానికి ఎంతసేపు పట్టిందో, అంతసేపూ ధర్మ నోరు తెరుచుకుని నిలబడాల్సొచ్చింది.

మధ్యాహ్నం అన్నానికి ముందొకసారి, తర్వాతొకసారి దాని చెవి దగ్గర వంగి "గెడ్డకెల్దామా" అని అడిగేదాన్ని. మా వైపు ఆడవాళ్లు ఆ అవసరాన్ని ఆ మాటతోనే చెప్తారు. ఎండాకాలం గెడ్డలో చుక్క లేకపోయినా గెడ్డకే వెళతారు. అంతకు మించి మాట వాడరు. మగవాళ్లు వింటుండగా అయితే ఆ మాట కూడా వాడరు. మంగ్లి తల ఊపితే ఎత్తుకుని బడి వెనక పసుపు మడి గట్టు దాటించి తీసుకెళ్లేదాన్ని. అక్కడ నేను చేసే పని దానికీ నాకూ మధ్యే ఉండేది. వాళ్లమ్మ కనక కూడా బళ్లో ఆ సంగతి ఎలా గడుస్తోందని ఎప్పుడూ అడగలేదు. నేను చెప్పలేదు. గడుస్తోంది కదా.

కార్తీక మాసం మొదట్లో ఒకరోజు మేస్టారు అన్నారు, "సోములమ్మా, వచ్చే బుధవారం పాడేరు నుంచి మేడం వస్తారు. పరిశీలనట. మంగ్లిని చూస్తారు, నీ పనీ చూస్తారు."

"నన్నేటి సూత్తారు మేస్టారూ, నానేటి పెళ్లికూతుర్నా?"

"నీ తోడు ఎలా ఉందో రాసుకుంటారు."

బడికి ఎవరన్నా వస్తున్నారంటే మాకు తెలిసిన పద్ధతి ఒకటే. గోడకి సున్నం కొట్టడం, గుమ్మానికి మామిడాకులు కట్టడం, చదివే పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టడం. రానివాళ్లని ఆ రోజుకి పశువుల వెంట తోలెయ్యడం. పోయినసారి పెద్దాఫీసరు వచ్చినప్పుడు ఎక్కాలు రావని ధర్మని అలాగే పంపేశారు. వాడు కొండ మీద నుంచి జీపుకేసి చేతులు ఊపాడు. మంగ్లిని అలా పంపడానికి లేదు. మేడం వస్తున్నదే దానికోసం. కాబట్టి నేర్పాలి. మేస్టారికీ అదే తోచింది, నాకూ అదే తోచింది, కనకకీ అదే.

"పరువు పోకుండా సూడప్పా," అంది కనక. నన్ను అక్క వరసకి అప్పా అంటుంది. చంటిగుంటడు చంకలో, కాఫీ తట్ట నెత్తి మీద. "సదివించినా ఏటి లాభం అని మా మావ అంటన్నాడు. మేడం మెచ్చుకుంటే ఆడి నోరు మూతపడతాది."

తొమ్మిది రోజులు పట్టుబట్టాం. గుమ్మం నుంచి నల్లబల్ల దాకా ఏడడుగులు. మంగ్లి తండ్రి బుధు వెదురు కర్ర నున్నగా చెక్కి ఇచ్చాడు. దానిమీద ఆనుకుని, మొదట రెండడుగులు, తర్వాత బొక్కబోర్లా. మోచేతులు గీరుకుపోయాయి. నేను ముందుకి ఉరికితే అది అరిచేది.

"ఎత్తుకోకు!"

"ఎత్తుకోనే. నిలబెడతాను."

"నానే లెగుత్తాను. నువ్వు గోడ దగ్గరుండు."

మంగళవారం సాయంత్రానికి ఏడడుగులూ వేసింది. బల్ల అందుకుని దానికి ఆనుకుని నవ్వింది. పళ్లన్నీ కనిపించేలా. చెమట పట్టి ఒళ్లంతా వణుకుతోంది. ఇంటికి మోసుకెళ్తుంటే దారిలోనే నిద్రపోయింది. తెల్లారిందాకా లేవలేదని కనక చెప్పింది. అంటే ఏడడుగులకి ఒక రోజంతటి బలం పోయిందన్న మాట. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు. రేపటికి బలం ఉండాలని మాత్రం అనుకున్నాను.

హేమలత మేడం చిన్నవయసు మనిషి. జీపు రోడ్డు దాకానే వస్తుంది. అక్కడి నుంచి చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి వచ్చింది. మంగ్లి పక్కన నేలమీద కూర్చుంది. మాకు అదే కొత్త, వచ్చినవాళ్లు నేలమీద కూర్చోవడం.

"నీ పేరు రాసి చూపిస్తావా మంగ్లీ?"

మంగ్లి నాకేసి చూసింది. నేను గోడ దగ్గరే ఉన్నాను. కర్ర అందుకుంది. ఏడడుగులు వేసింది. బల్లకి ఆనుకుని, ఎడం చేత్తో, మ రాసి, సున్నా పెట్టి, గ రాసి, కింద లావత్తు పెట్టింది. గుడి దగ్గర చెయ్యి జారింది. తుడిచి మళ్లీ పెట్టింది. తర్వాత పిల్లలంతా చప్పట్లు. ధర్మ ఈలేశాడు. మేడం కళ్లు తుడుచుకుంది.

అన్నం కూడా ఆ రోజు తనే తింది. పప్పన్నం గట్టిగా కలిపి ముద్దలు చేసి పెట్టాను నేను. అవి ముందే చేసి పెట్టినవని మేడం చూడలేదు. చూపించాలని నాకూ అనిపించలేదు.

తర్వాత మేడం సంచిలోంచి కాగితం తీసింది. "మీకు చదవడం వచ్చని మేస్టారు చెప్పారు సోములమ్మ గారూ. అయితే ఇది మీరే నింపండి. తోడున్నవాళ్లే నింపితే మంచిది."

నన్ను గారు అన్నవాళ్లు అంతకు ముందు లేరు. కాగితం తీసుకుని గుమ్మంలో వెలుగు ఉన్నచోట కూర్చున్నాను. పదకొండు ప్రశ్నలు. ఒక్కొక్కదానికి ఎదురుగా మూడు గళ్లు. తానే చేసుకోగలదు. కొంత సాయం కావాలి. పూర్తి సాయం కావాలి. నేను ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదువుతున్నాను. మేస్టారు ఒకపక్క నిలబడ్డారు. కాగితాల పెట్టె మోసుకొచ్చిన జీపు డ్రైవరు ఇంకోపక్క నిలబడి వింతగా చూస్తున్నాడు. కిటికీ నిండా పిల్లల మొహాలు. మంగ్లి నా పక్కనే గోడకి ఆనుకుని ఉంది. అదీ చదువుతోంది. పెదవులు కదులుతున్నాయి.

నడవడం. నేను రెండో గడి మీద పెన్ను పెట్టాను.

"ఇప్పుడే నడిచింది కదా," అన్నారు మేస్టారు. "ఎవరూ పట్టుకోలేదు."

మంగ్లి నన్ను చూసింది. మొదటి గడిలో టిక్కు పెట్టాను.

తినడం, కొంత సాయం. రాయడం, తానే. అలా ఒక్కొక్కటీ దాటుకుంటూ ఏడోదానికి వచ్చాను. మరుగు అవసరాలు, అని ఉంది. ఆ మాట నాకు కొత్త. రెండుసార్లు చదివితే అర్థమైంది. మొహం వేడెక్కింది. ఇలాంటిది అచ్చేసి అడుగుతారా? ఈ కాగితం పాడేరు వెళుతుంది, అక్కడ మగవాళ్లు చూస్తారు. ఆడగుంట సంగతి. రేపు అది పెద్దమనిషి అవుతుంది.

పక్కకి చూశాను. మంగ్లి కూడా ఆ వరస దగ్గరే ఆగిపోయింది. చదివేసింది. దాని కళ్లు కాగితం మీద లేవు, నా పెన్ను ములికి మీద ఉన్నాయి. ఎటు పోతుందో అని.

తానే చేసుకోగలదు. అక్కడ టిక్కు పెట్టాను. తక్కిన నాలుగూ బేగి బేగి నింపేశాను.

"ఇంకేమైనా ఇబ్బందులున్నాయా?" అని అడిగింది మేడం.

"ఏటీ లేవండి."

వేలిముద్రకని సిరా డబ్బా ముందుకి జరిపింది. "సంతకం ఎడతానండి," అన్నాను. సోములమ్మ అని నాలుగక్షరాలూ రాశాను. సర్కారు కాగితమో ప్రాజెక్టు కాగితమో, కాగితం మీద నేను పెట్టిన మొదటి సంతకం అది. వెళ్లేటప్పుడు మేడం మంగ్లికి బిస్కట్ల పొట్లం ఇచ్చింది. ఆ సాయంత్రం గెడ్డ దాటాక అది ఒక బిస్కట్టు నా నోట్లో పెట్టబోయి చెవిలో పెట్టింది. ఇద్దరం ఊరు చేరేదాకా నవ్వుతూనే ఉన్నాం.

ఉత్తరం డిసెంబరు మధ్యలో వచ్చింది. వలిసె చేలు కోతకి వచ్చాయి అప్పటికి. మేస్టారు నా చేతికే ఇచ్చారు, నా పేరు మీద ఉందని. బడి అరుగు మీద కూర్చుని చదువుకున్నాను. అంతకు ముందు ఉత్తరాలు మేస్టారు చదివి చెప్పేవారు. చెప్పేటప్పుడు కాస్త మెత్తబరిచి చెప్పేవారని అప్పుడే తెలిసింది. విద్యార్థిని విశేషమైన పురోగతి సాధించినందున, అని ఉంది. పురోగతి అంటే ఏటని అడిగాను. ముందుకెళ్లడం అన్నారు. సహాయకురాలి అవసరం ఇకపై లేదని నిర్ధారించి, జనవరి ఒకటి నుంచి సదరు సహాయాన్ని మరింత అవసరమున్న చోటుకి మార్చడమైనది. అది అడక్కుండానే అర్థమైంది.

"ఆ రోజు నడిచింది కదా అన్నది నేనే," అన్నారు మేస్టారు. లోపలికెళ్లి మూడో తరగతికి ఎక్కాలు చెప్పించడం మొదలుపెట్టారు.

మంగ్లి లోపల్నుంచి పిలిచింది. "ఏటి రాసారు పెద్దమ్మా?"

"నువ్వు బాగా రాసావని రాసారు."

"ఏదీ, సూపించు."

"ఇంటికాడ సూద్దువులే." మడిచి రొంటిన పెట్టుకున్నాను.

ఆ రాత్రి కనకకి చెప్పాను. తను పొయ్యిలో కర్ర ఎగదోసి అంది, "రాసింది నువ్వే కదప్పా. ఎల్లి కాదని సెప్పు. సదువొచ్చిన మనిసివి, నీ మాట ఇంటారు."

మర్నాడే బయల్దేరాను. దాన్ని చూపించాలేమోనని మంగ్లిని కూడా వీపున కట్టుకున్నాను. రోడ్డు దాకా నడిచి, జీపులో డ్రైవరు వెనక ఇరుక్కుని, పాడేరు చేరేసరికి పదకొండైంది. మంగ్లి అంతవరకూ పాడేరు చూడలేదు. అంగళ్ల మీది బోర్డులన్నీ చదవడం మొదలుపెట్టింది. చెప్పుల దుకాణం, మందుల షాపు, ఒక్కొక్కటీ నా చెవిలో. నాకు దేనిమీదా ధ్యాస లేదు.

ఆఫీసు ఒకటే గది. మూడు బల్లలు. పెద్ద సారు విశాఖపట్నం నుంచి వచ్చి ఉన్నాడు, మధ్యాహ్నం బస్సుకి వెళ్లిపోతాడట. రెండు బల్లల దగ్గర గుమాస్తాలు. గోడవార బల్ల మీద ఒకతను కూర్చుని ఉన్నాడు, గూడెం కొత్తవీధి అవతల ఏదో ఊరు. పేరు సోంబరు అని పిలుస్తుంటే విన్నాను. ఒళ్లో ఆరేళ్ల గుంటడు. ఆ గుంటడికి మెడ నిలవదు. తండ్రి అరచెయ్యి తలకింద పెట్టుకుని కూర్చున్నాడు. నేను ఉన్నంతసేపూ ఆ చెయ్యి తియ్యలేదు.

మేడం నన్ను చూసి లేచి నిలబడింది. సారుకి చెప్పింది. ఆయన మా కాగితం తెప్పించుకుని చూశాడు. కోపిష్టి మనిషి కాదు. కుర్చీ కూడా వేయించాడు.

"ఇది మీరు నింపిందే కదమ్మా?"

"నానేనండి."

"ఇందులో ఏది తప్పు?"

"నడక ఏడడుగులేనండి. తొమ్మిది రోజులు నేర్పినాం. బడి ఏడడుగుల్లో నేదు, గెడ్డకి అవతలున్నాది."

"ఇంటి నుంచి తేవడం తల్లిదండ్రులు చూసుకోవాలి. మా సాయం బళ్లో ఉన్నంతసేపే."

"చలికి సెయ్యి బిగుసుకుపోతాదండి. ముద్దలు సేసి పెట్టాలి."

"అక్కడ కొంత సాయం అనే పెట్టారు. దానికి మేస్టారు చాలు." కాగితం నా వైపు తిప్పాడు. "చూడమ్మా, తోడు మనిషి ఉండాలంటే ఒక్కచోటైనా పూర్తి సాయం అని ఉండాలి. పదకొండిట్లో ఒక్కచోట కూడా లేదు. అన్నీ మీరు పెట్టినవే. మేమేం మార్చలేదు."

మేడం వంగి కాగితం చూసింది. మెల్లగా, "సోములమ్మ గారూ, ఏడోది?" అంది. అప్పటికే తెలిసిపోయినట్టుంది ఆమెకి.

మంగ్లి నా ఒళ్లో ఉంది. గుమాస్తాలిద్దరూ రాయడం ఆపి చూస్తున్నారు. సోంబరు చూస్తున్నాడు.

"గుంట బయట కూకున్నాక సెప్తానండి," అన్నాను.

"సరే, పంపించండి."

పంపించమంటే ఎలా? అది వెళ్లదు కదా. నేనే ఎత్తుకెళ్లాలి. బయట అరుగు మీద ఆనుకోవడానికి గోడ లేదు, పక్కకి పడిపోతుంది. ఎవరన్నా పట్టుకోవాలి. సారు గడియారం చూసుకున్నాడు. నేను లేవలేదు. తెల్లారి లేచి ఇంత దూరం వచ్చాను, చెప్పకుండా వెళ్తే మళ్లీ చెప్పడం ఉండదు.

చెప్పేశాను. ఎత్తుకుని తీసుకెళ్లాలండి, అన్నాను. బట్ట నేనే విప్పాలి. కూర్చోలేదు, చంకల కింద పట్టుకోవాలి. తర్వాత కడగాలి. రోజుకి రెండుసార్లు. ఒక్కోరోజు చెప్పేలోపే అయిపోతుంది, అప్పుడు బట్ట మార్చి, ఆ బట్ట ఉతికి, ఎవరూ చూడకుండా పసుపు మడి గట్టు మీద ఆరేస్తాను. నేను లేకపోతే ఆ పని చేసేవాళ్లు లేరండి. మేస్టారు మగమనిషి.

మొదట తల దించుకుని మొదలుపెట్టాను గానీ, చెప్తూ చెప్తూ గొంతు పెరిగినట్టుంది. ఆపేసరికి గదిలో అందరూ నేలకేసి చూస్తున్నారు. మంగ్లి నా మెడ చుట్టూ వేసిన చెయ్యి తీసేసింది. తీసి తన ఒళ్లో పెట్టుకుంది.

సారు కాసేపు పెన్ను మూత తీసి పెట్టాడు, తీసి పెట్టాడు. "అప్పుడే రాసుంటే పేచీ ఉండేది కాదు," అన్నాడు. "జాబితా విశాఖపట్నం వెళ్లిపోయింది. మీ స్థానం ఇదిగో, వీళ్ల ఊరికి ఇచ్చేశాం. వీళ్లదీ అవసరమే కదమ్మా?"

సోంబరు లేచి నిలబడ్డాడు. ఒక చెయ్యి కొడుకు తలకింద ఉంది కాబట్టి, రెండో చేత్తోనే నాకు దణ్ణం పెట్టాడు. నేనిచ్చినట్టు.

అవసరం కాదు అనగలనా?

"జూన్‌లో మళ్లీ పరిశీలన ఉంటుంది," అంది మేడం నాతోబాటు గుమ్మం దాకా వచ్చి. "నేనే వస్తాను. అప్పటిదాకా పాపని బడి మాన్పించకండి. బడికి వస్తున్న పిల్లల్నే మేము చూసేది."

బస్టాండులో కొళాయి దగ్గర గ్లాసుతో నీళ్లు పట్టి ఇచ్చాను. "దాహం నేదు," అంది మంగ్లి. టీ తాగుతావా అంటే వద్దంది. వచ్చేటప్పుడు చదివిన బోర్డులే తిరుగు దారిలోనూ ఉన్నాయి. ఒక్కటీ చదవలేదు.

జనవరిలో నేను మళ్లీ కాఫీ పళ్లు తియ్యడానికి వెళ్లాను. ఆ సీజను పోతే నాలాంటి దానికి మళ్లీ ఏడాది దాకా కూలి దొరకదు. కనక, బుధు కూడా తోటల్లోనే. అయినా బడి మాన్పించకూడదు, జూన్ దాకా. పొద్దున్న మంచు కురుస్తుండగానే మంగ్లిని మోసుకెళ్లి బళ్లో కూర్చోబెట్టి, అక్కడి నుంచి కొండెక్కి తోటకి వెళ్లేదాన్ని. సాయంత్రం తట్ట దించి మళ్లీ కిందకి. మధ్యాహ్నం సంగతి మేస్టారితో మాట్లాడి, అయిదో తరగతి ఆడగుంటలిద్దరికి అప్పజెప్పాను. మంచి గుంటలే. సరేనన్నారు.

మొదటి వారం తర్వాత అడిగాను. "గెడ్డకి తీసుకెళ్తన్నారేటే?"

"అవసరం పడనేదు."

"ఒక్కరోజూనా?"

"నేదు."

సంతోషించాను. నిజం చెప్పాలంటే సంతోషించాను. పెద్దదవుతోంది, ఒళ్లు కుదురుకుంటోంది అనుకున్నాను. సారు రాసిన ఆ పురోగతి నిజమేనేమో అనుకున్నాను.

పది రోజులకి దాని పెదవులు పగిలాయి. చలికాలం అందరికీ పగులుతాయి కదా, వలిసె నూనె రాశాను. తర్వాత ఒకనాడు వీపు మీద ఎక్కించుకుంటే కోకలోంచి వేడి తగిలింది. జ్వరం. కింద నొప్పి అని రాత్రంతా మూలిగిందని కనక చెప్పింది.

"పొద్దున్న అంబలి ముట్టుకోదప్పా," అంది. "చోడి అంబలంటే పడి సచ్చేది. గిన్నె నోటికాడ పెడితే తల తిప్పేత్తాది. నీళ్లు కూడా అంతే. రాత్రి కూడు తిన్నాక తాగింది తాగడమే, మళ్లీ నువ్వు ఇంటికి తెచ్చేదాకా చుక్క ముట్టదు. ఎందుకే అంటే సెప్పదు."

చెప్పక్కర్లేదు. కనకకి తెలీలేదు గానీ నాకు తెలిసింది. పాడేరులో ఆ గది, ఆ బల్లలు, మెడ చుట్టూనుంచి తీసేసిన చెయ్యి.

నర్సమ్మ మాత్రలిచ్చింది. నీళ్లు బాగా తాగాలి అంది. జ్వరం తగ్గాక మంగ్లి మళ్లీ బడికి వెళ్తానంది. ఆ మొదటి రోజు పళ్లు తియ్యడం సగంలో వదిలేసి, మేస్త్రీ తిడుతుంటే వినిపించుకోకుండా, అన్నం వేళకి బడికి పరిగెత్తాను. పిల్లలు వరసగా కూర్చుని తింటున్నారు. మంగ్లి పళ్లెంలో అన్నం పొడిపొడిగా ఉంది. పప్పు పోయించుకోలేదు. గ్లాసు నిండా నీళ్లు అలాగే ఉన్నాయి.

దాని పక్కన కూర్చున్నాను. ఎప్పట్లాగే చెవి దగ్గర వంగాను.

"గెడ్డకెల్దామా?"

అది పళ్లెం మీంచి తల ఎత్తలేదు. ధర్మ, వాడి పక్కవాళ్లు తినడం ఆపి మాకేసి చూశారు. వాళ్లకేం తెలీదు. మంగ్లి వాళ్లందరికీ వినబడేలా, ఒక్కొక్క మాటా గట్టిగా కూడదీసుకుని అంది.

"నానే సేసుకోగల్ను పెద్దమ్మా. నువ్వు పనికి ఎల్లు."

పనికి వెళ్లలేదు. అరుగు మీద కూర్చున్నాను. లోపల్నుంచి ఎక్కాలు వినిపిస్తున్నాయి. మంగ్లి గొంతు అందరికన్నా ఒక అంకె వెనక వస్తోంది. మేస్టారు ఒకసారి బయటికొచ్చి నన్ను చూసి మళ్లీ లోపలికెళ్లారు. బడి వదిలేదాకా అక్కడే ఉన్నాను.

గంట కొట్టాక కోకలో కట్టుకుని బయల్దేరాను. కిందూరి ఇళ్లు దాటాం. పసుపు మళ్లు దాటాం. గెడ్డ దగ్గరికి వచ్చేసరికి ఒకసారి వెనక్కి తిరిగి చూసినట్టుంది, దాని గెడ్డం నా భుజానికి రాసుకుంది.

"ఎవులూ నేరు కదా?"

"ఎవులూ నేరు."

"దించు."

రాతి మీద దించాను. బోర్లా పడుకోబెట్టమంది. పడుకోబెట్టి, జారిపోకుండా నడుం దగ్గర రెండు చేతులా పట్టుకున్నాను. మొహం నీళ్లల్లో పెట్టింది. చలికాలం గెడ్డ నీళ్లు, వేలు పెడితే జివ్వుమంటాయి. దూడ తాగినట్టు తాగింది. ఊపిరికి తల ఎత్తి, మళ్లీ ముంచి తాగింది. "సాలే, కడుపు నొప్పెడతాది," అన్నాను. ఆగలేదు. అవతలి కొండ మీద నుంచి తట్టలు మోసుకుని ఆడవాళ్లు దిగుతున్నారు, వాళ్ల మాటలు దగ్గరికొస్తున్నాయి.

"బేగి తాగే," అన్నాను. "ఎవులో వత్తన్నారు."